కుక్కో పిల్లో పోయాక ‘నా వల్లే పోయింది’ అనిపిస్తుంటే: మొదటి గంట నుంచి వరుసగా ఏం చేయాలి

“మా జిమ్మీ పోయి నెలైందండీ. ఒక్క రోజు ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే బతికేదా?”

జంతువు పేరు మారుతుంది, జబ్బు మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే. విజయవాడ పటమట నుంచి అడుగుతారు, భవానీపురం నుంచి అడుగుతారు, గుంటూరు బ్రాడీపేట నుంచి అడుగుతారు. చాలామంది చివర్లో గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అంటారు: “కుక్క కోసం ఇంత ఏడుపేంటని ఇంట్లో నవ్వుతున్నారు.” ఇందులో నవ్వడానికేమీ లేదు. పదేళ్ళు మీ కాళ్ళ చుట్టూ తిరిగిన ప్రాణం పోయింది.

ముందుగా ఒకటి గుర్తు పెట్టుకోండి. మీ లోపల ఇప్పుడు రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయి. అది లేదన్న దుఃఖం ఒకటి, నా వల్లే పోయిందన్న అపరాధ భావం ఇంకొకటి. దుఃఖానికి జవాబు అక్కర్లేదు, కొంత కాలం కావాలి. ‘నా వల్లేనా?’ అన్నదానికి మాత్రం జవాబు వెతకాల్సిందే, లేకపోతే రాత్రి రెండింటికి నిద్ర లేపి మరీ అడుగుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాను. వరుస తప్పకుండా చేయండి. మొదటి రోజు పనులు సరిగ్గా జరిగితే, తర్వాత మోయాల్సిన ‘అయ్యో’లు కొన్ని తగ్గుతాయి.

1. మొదటి కొన్ని గంటలు: శరీరాన్ని ఏం చేయాలి

మన ఎండల్లో దీనికి ఎక్కువ సమయం ఉండదు. మే నెలలో విజయవాడలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రెండు మూడు గంటల్లో శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది. కాబట్టి ముందు ఈ పనులు:

- కాళ్ళు మెల్లగా ముడిచి, పడుకున్నట్టు పక్కకు సర్దండి. బిగుసుకున్నాక బలవంతంగా వంచొద్దు.
- కింద పాత దుప్పటి, దాని మీద మందపాటి గుడ్డ వేయండి. మలమూత్రాలు బయటికి రావచ్చు, అది సహజం.
- కళ్ళు మూసుకోకపోతే కంగారు పడకండి. జంతువులకు చాలాసార్లు కళ్ళు తెరిచే ఉంటాయి. బాధతో పోయిందనడానికి అది గుర్తు కాదు.
- ఎండ తగలని గదిలో ఉంచి, గుడ్డలో చుట్టిన ఐసు పొట్ట దగ్గర పెట్టండి.
- ఇంట్లో ఇంకో కుక్కో పిల్లో ఉంటే, అంటుజబ్బుతో పోలేదని తెలిస్తే, ఒకసారి దగ్గరికొచ్చి వాసన చూడనివ్వండి. లేకపోతే రోజుల తరబడి ఇల్లంతా వెతుకుతూ తిరగవచ్చు.

రేబిస్ అనుమానం ఉంటే, అంటే నడవడిక ఒక్కసారిగా మారిపోయి, చొంగ కారుస్తూ, కరుస్తూ పోయి ఉంటే, ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. పశువుల డాక్టరుకు వెంటనే చెప్పండి. కరిచినా, గీరినా, గాయం మీద చొంగ పడినా సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ళలో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి సూదులు మొదలుపెట్టాలి. ఏడుపు ఆ తర్వాత.

*పోస్ట్‌మార్టం కావాలా?* ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేని పరిస్థితి అయితే, లేదా ఇంట్లో వేరే జంతువులుంటే, నా సలహా: చేయించండి. కారణం తెలియని చావు ‘ఏం చేసి ఉంటానో’ అన్న ఊహలకు అంతులేకుండా చోటిస్తుంది. మీ డాక్టరును అడగండి. పెద్ద చోటు కావాలంటే గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. ముందు ఫోన్ చేసి వెళ్ళండి. శరీరాన్ని చల్లగా ఉంచాలి గానీ గడ్డకట్టించకూడదు. ఫ్రీజర్‌లో పెడితే లోపలి భాగాలు పరీక్షకు పనికిరాకుండా పాడవుతాయి. ఇవన్నీ చూసే ఓపిక లేకపోతే మానేయండి. అది కూడా తప్పు కాదు.

2. పూడ్చడం, చివరి చూపు

సొంత స్థలం ఉంటే:

- గుంట కనీసం మూడడుగులు, వీలైతే నాలుగు తవ్వించండి. గుంటూరు వైపు నల్లరేగడి వేసవిలో పగుళ్ళిస్తుంది, అక్కడ లోతు ఇంకాస్త మంచిది.
- బావికి, బోరుకు, కాలవగట్టుకు దూరంగా ఉండాలి. కృష్ణా డెల్టాలో కొన్నిచోట్ల కొంచెం తవ్వగానే నీరు ఊరుతుంది. అలా ఊరితే ఇంకో చోటు చూడండి.
- ప్లాస్టిక్ సంచిలో పెట్టొద్దు. నూలు గుడ్డ చాలు. బెల్టు, గొలుసు తీసేయండి.
- మట్టి కప్పాక పైన రాళ్ళు పేర్చండి. నొప్పి లేకుండా ప్రాణం పోయేలా డాక్టరు ఇచ్చే సూదిమందుతో పంపినప్పుడైతే ఇది తప్పనిసరి. ఆ మందు శరీరంలో మిగిలే ఉంటుంది, తవ్వి తిన్న వీధికుక్కలు కూడా పోతాయి.

అపార్ట్‌మెంట్ వాళ్ళకు, అద్దెకుండేవాళ్ళకు ఇదే పెద్ద కష్టం. ముందు మీ పశువుల డాక్టరును అడగండి, పూడ్చే చోట్లు, దహనం చేసే వీలు వాళ్ళకు తెలిసి ఉంటాయి. ఊళ్ళో పొలం ఉన్న బంధువులను అడగడానికి మొహమాటపడకండి. ఏదీ కుదరకపోతే వార్డు సచివాలయంలో శానిటేషన్ చూసేవాళ్ళకో, నగరపాలక సంస్థకో ఫోన్ చేయండి. ఎక్కడికి తీసుకెళ్తారు, ఎలా పూడుస్తారు అని ముందే అడిగి తెలుసుకోండి. అడగనివాళ్ళకు తర్వాత అదే ముల్లులా మిగిలిపోతుంది. బందరు కాలవలోనో, ఏలూరు కాలవలోనో, కృష్ణలోనో మాత్రం వదలకండి. ఆ నీళ్ళు దిగువ ఊళ్ళవాళ్ళు వాడుకుంటారు.

“మైల ఉంటుందా?” అని చాలామంది అడుగుతారు. మైల జ్ఞాతులకు పాటించేది. స్నానం చేసి దీపం పెట్టాలనిపిస్తే పెట్టండి. పదకొండో రోజున దాని పేరు మీద వీధికుక్కలకు పెరుగన్నం పెట్టాలనిపిస్తే పెట్టండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. తంతు ఏదో ఒకటి చేసుకున్న ఇళ్ళలో మనసు కాస్త ముందు కుదుటపడడం నేను చూశాను.

3. మొదటి వారం

ఈ వారంలో దేన్నీ అర్థం చేసుకోవాలని ప్రయత్నించకండి. తినడం, పడుకోవడం, పనికి వెళ్ళడం, ఇవి జరిగితే చాలు.

దాని వస్తువులు వెంటనే పారేయకండి. కళ్ళ ముందు ఉంచుకోనూ వద్దు. గిన్నె, బెల్టు, గేటు పక్క మేకుకు వేలాడే గొలుసు, డాక్టరు ఫైలు అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి అటక మీద ఉంచండి. నిర్ణయం నెల తర్వాత. కోపంలోనో ఏడుపులోనో పారేసినవాళ్ళు తర్వాత ఒక్క బెల్టు ముక్క కోసం వెతుక్కుంటారు.

అలవాటు పడ్డ సమయాలే ఎక్కువ ఏడిపిస్తాయి. తెల్లవారి పాలప్యాకెట్ వచ్చే వేళకు అది తలుపు గీరేది. రాత్రి బియ్యం కొలిచేటప్పుడు చెయ్యి తనంతట తనే దాని పిడికెడు కూడా పోసేస్తుంది. చికెన్ కొట్టు అబ్బాయి కాళ్ళు, తలకాయలు విడిగా కవర్లో కట్టి “మీ వాడికండీ” అని అందిస్తాడు. ఇలాంటివి మూడు నాలుగు ముందే రాసుకుని, ఒక్కోదానికి ఏర్పాటు చేసుకోండి. కొట్టు అబ్బాయికి ముందే చెప్పేయండి. ఆ పిడికెడు బియ్యం కొన్నాళ్ళు అలాగే వండి, వీధి చివరి కుక్కకు పెట్టినా మంచిదే. పొద్దున నడక మాత్రం మానొద్దు. దారి మార్చుకోండి, చాలు.

జనం మాటలకు జవాబు ముందే సిద్ధం చేసుకోండి. మనవైపు తప్పకుండా వినపడేవి ఇవి:

- *“ఇంకోటి తెచ్చుకో.”* జవాబు: “తెచ్చుకుంటామేమో అత్తయ్యా, ఇప్పుడు కాదు.”
- *“కుక్కే కదా.”* జవాబు: “మాకు ఇంట్లో మనిషిలాంటిది, పిన్నీ. కొన్నాళ్ళు ఇలాగే ఉంటుంది.”
- *“మీ ఇంటి గండం అది మోసుకుపోయింది.”*

మూడోది ఓదార్పుగానే అంటారు, కానీ ఎక్కువ గుచ్చేది అదే. ‘అయితే నా బదులు అది పోయిందా’ అని అక్కడి నుంచి కొత్త బరువు మొదలవుతుంది. అన్నవాళ్ళతో వాదించకండి. మీకు మీరు మాత్రం స్పష్టంగా చెప్పుకోండి: అది జబ్బుతో పోయింది, లేదా ప్రమాదంలో పోయింది, లేదా వయసైపోయి పోయింది.

4. ‘నా వల్లే’ అన్నదాన్ని కాగితం మీద పెట్టడం

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. వారం పది రోజులయ్యాక, పగటిపూట, గంట సేపు కూర్చోండి. రాత్రి పూట వద్దు. తలలో తిరిగే నేరారోపణకు తేదీలుండవు. అందుకే అది ఎంతైనా పెరుగుతుంది. కాగితం మీదికి వస్తే దాని అసలు కొలత తెలుస్తుంది.

*మొదటి అడుగు.* ఏ రోజు ఏం జరిగిందో వరుసగా రాయండి. అభిప్రాయాలొద్దు, జరిగినవి మాత్రమే. మచ్చుకి టిక్ ఫీవర్‌తో (గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) పోయిన ఒక కుక్క విషయంలో ఇలా ఉంటుంది:

- సోమవారం: పెరుగన్నం సగం వదిలేసింది. ఎండకేమో అనుకున్నాం.
- బుధవారం: బండి చప్పుడైనా గేటు దాకా రాలేదు. ఒళ్ళు వేడిగా ఉంది.
- గురువారం పొద్దున: ముక్కు నుంచి రక్తం. వెంటనే ఆసుపత్రి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ. సెలైన్, సూదులు, డాక్సీసైక్లిన్.
- ఆదివారం తెల్లవారుజామున పోయింది.

*రెండో అడుగు.* పక్కన మూడు గడులు గీసి, మిమ్మల్ని తొలిచే ప్రతి మాటనూ ఏదో ఒక గడిలో వేయండి.

1. అప్పుడు నాకు తెలిసినది
2. పోయాక తెలిసినది
3. తెలిసీ చేయనిది

‘సోమవారమే తీసుకెళ్ళాల్సింది’ ఎందులోకి వస్తుంది? రెండో దానిలోకి. సోమవారం మీ ముందున్నది సగం గిన్నె అన్నం మాత్రమే. ఎండాకాలంలో ఎన్ని కుక్కలు అన్నం వదిలేయవు! ముగింపు తెలిసిన మనిషి వెనక్కి చూస్తే ప్రతి చిన్న గుర్తూ పెద్ద హెచ్చరికలా కనపడుతుంది. ఆ రోజున అది అలా లేదు.

‘రెండు నెలలుగా గోమార్ల మందు వేయలేదు’ మూడో గడిలోకి రావచ్చు. రానివ్వండి, దాచొద్దు. దాని సంగతి అయిదో భాగంలో చూద్దాం.

చాలామందికి మొదటి రెండు గడులు నిండిపోతాయి, మూడోదానిలో ఒకటో రెండో వాక్యాలుంటాయి. మీరు జవాబు చెప్పుకోవాల్సింది ఆ ఒకటి రెండుకే.

*మూడో అడుగు.* జబ్బు తీరు తెలుసుకోండి. ఇక్కడ తరచూ అపోహపడేవి మూడు.

టిక్ ఫీవర్‌లో ఎర్లీకియా క్రిమి ఒంట్లో చేరాక, పైకి ఏ గుర్తూ లేకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఉండగలదు. మీరు చూసిన వారం దాని చివరి అంకం కావచ్చు.

మూత్రపిండాల జబ్బులో, కుక్కలకైనా పిల్లులకైనా, సుమారు మూడింట రెండు వంతుల పనితనం పోయాకే నీళ్ళు ఎక్కువ తాగడం కనపడుతుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) పెరిగేసరికి నాలుగింట మూడు వంతులు పోయి ఉంటుంది. ‘ముందే ఎందుకు చూసుకోలేదు’ అంటే, ముందు చూడటానికి పైకి ఏమీ లేదు. పైగా పిల్లులు నొప్పిని దాచుకోవడంలో గట్టివి.

పార్వో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) వచ్చిన కుక్కపిల్లలు, సెలైన్ పెట్టి, ఆసుపత్రిలో ఉంచి, అంతా సక్రమంగా చేసినా కొన్ని పోతాయి. వైద్యం అందితే బతికేవే ఎక్కువ, కానీ అన్నీ బతకవు.

*నాలుగో అడుగు.* చూసిన డాక్టరును ఒకసారి కలవండి. సాయంత్రం రద్దీలో కాకుండా, ఫైలు పట్టుకుని, “తప్పు పట్టడానికి రాలేదు సార్, అర్థం చేసుకుందామని వచ్చాను” అని మొదలుపెట్టండి. అడగాల్సినవి:

- ఈ జబ్బు లోపల ఎప్పుడు మొదలై ఉంటుంది?
- తీసుకొచ్చిన రోజుకి ఎంత ముదిరింది?
- రెండు రోజులు ముందు తెచ్చి ఉంటే చికిత్స మారేదా? ఫలితం మారేదా?
- చివర్లో నొప్పి తెలిసి ఉంటుందా?
- ఇంట్లో మిగతావాటికి పరీక్షలు కావాలా?

మూడో ప్రశ్నకు కొన్నిసార్లు “మారి ఉండేదేమో” అన్న జవాబే వస్తుంది. అది వినడానికి సిద్ధపడే వెళ్ళండి. “ఏమో” అంటే ఆయన కూడా కచ్చితంగా చెప్పలేకపోతున్నారని అర్థం. దాన్ని మీరు ఇంటికి తెచ్చి “తప్పకుండా” అని మార్చేయకండి.

5. నిజంగానే పొరపాటు జరిగి ఉంటే

“నీ తప్పేం లేదు” అని అందరూ అంటారు. కొన్నిసార్లు ఉంటుంది. గేటు గడియ వేయలేదు, దీపావళి టపాకాయలకు బెదిరి రోడ్డు మీదికి పరుగెత్తింది. పిల్లికి జ్వరమని మన పారాసెటమాల్ బిళ్ళ వేశారు, పిల్లికి అది విషం. ఎండలో కారులో ఉంచి “రెండు నిమిషాలే కదా” అనుకున్నారు. ఇలాంటప్పుడు ఉత్తుత్తి ఓదార్పు పనిచేయదు, మీ మనసు దాన్ని నమ్మదు.

చేయాల్సినవి ఇవి:

- జరిగింది ఒక్క వాక్యంలో, పెంచకుండా తగ్గించకుండా రాయండి. “నేను గడియ వేయడం మర్చిపోయాను” అని. “నేను చంపేశాను” అని కాదు. ఈ రెండూ ఒకటి కావు.
- తెలియక చేశారా, తెలిసి నిర్లక్ష్యం చేశారా? పారాసెటమాల్ సంగతి తెలియకపోవడం, ప్రేమతోనే చేసిన పని. అది మూడో గడిలో నుంచి తీసేయండి.
- ఆ వాక్యం ఒక్క మనిషికి చెప్పండి. తీర్పు చెప్పని మనిషిని ఎంచుకోండి.
- క్షమించమని దానికి ఒక ఉత్తరం రాయండి. పూడ్చిన చోట చదివినా సరే, చించేసినా సరే.
- అదే పొరపాటు ఇంకో ఇంట్లో జరగకుండా ఒక పని చేయండి. గేటుకు స్ప్రింగ్ పెట్టించండి. పక్కవాళ్ళ పిల్లి గురించి వాళ్ళకు పారాసెటమాల్ సంగతి చెప్పండి. వీధికుక్కలకు రేబిస్ టీకాలు వేయించే వాళ్ళకు ఒక ఆదివారం సాయంగా వెళ్ళండి.

శిక్షగా తిండి మానేయడం, మళ్ళీ జంతువుని ముట్టుకోనని ఒట్టు పెట్టుకోవడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు.

డబ్బు చాలక వైద్యం ఆపేసిన వాళ్ళకు ఒక మాట. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, అమ్మ మందులు చూసుకుని “ఇంతకు మించి పెట్టలేను” అనడం మూడో గడిలోది కాదు. చేతిలో లేనిదానికి లెక్క చెప్పక్కర్లేదు.

6. సూదిమందుతో పంపించిన వాళ్ళకు

“నా చేత్తో సంతకం పెట్టాను” అన్న బాధ వేరు. జరిగింది ఏమిటో తెలిస్తే కొంత తేలికపడుతుంది. ఇచ్చేది మోతాదు మించిన మత్తుమందు. నరంలోకి ఎక్కిన కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది, నిమిషాల్లో గుండె ఆగుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు ఊపిరులు, కండరాల అదురు కనపడితే అది శరీరం పని. దానికి తెలియదు. లేవాలని చూసిందేమో అని నెలల తరబడి కుమిలేవాళ్ళను చూశాను, అందుకే ఇంత విడమరిచి చెబుతున్నాను.

తొందరపడ్డామా, ఆలస్యం చేశామా? ఈ రెండిట్లో ఏదో ఒకటి దాదాపు అందరికీ అనిపిస్తుంది. చివరి వారం ఇలా చూసుకోండి: తనంతట తను తిన్నదా? లేచి బయటికి వెళ్ళగలిగిందా? మిమ్మల్ని చూసి తోక ఊపిందా? మంచి రోజులు ఎక్కువా, చెడ్డ రోజులు ఎక్కువా? ఆ వారం మీరు చూసి తీసుకున్న నిర్ణయం అది.

7. పిల్లలకు, పెద్దవాళ్ళకు

పిల్లలకు “ఊరికి పంపాం”, “నిద్రపోతోంది” అని చెప్పొద్దు. ఒకటి ఎదురుచూపు, రెండోది నిద్రంటే భయం. “చనిపోయింది. దాని ఒళ్ళు ఇక పనిచేయదు. తిరిగి రాదు” అని చెప్పండి. అయిదారేళ్ళ లోపు పిల్లలు మళ్ళీ మళ్ళీ అడుగుతారు, విసుక్కోకుండా అదే జవాబు ఇవ్వండి. తోక లాగినందుకో, తన్నినందుకో పోయిందని లోపల్లోపల అనుకునే పిల్లలున్నారు. వాళ్ళు అడగకపోయినా “నువ్వు చేసినదాని వల్ల కాదురా” అని మీరే అనండి.

తాతయ్యలు, అమ్మమ్మలు ఏమీ అనరు. రోజంతా దానితోనే మాట్లాడినవాళ్ళు వాళ్ళే. సాయంత్రం ఆ వేళకు వాళ్ళ పక్కన ఎవరో ఒకరు కూర్చోండి.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

- *ఇంట్లో ఒకరినొకరు నిందించుకోవడం.* “నువ్వే రేపు చూద్దామన్నావు” అన్న మాట పెళ్ళయిన జంటల మధ్య ఏళ్ళు ఉండిపోతుంది. నాలుగో భాగంలోని కాగితం ఇద్దరూ కలిసి రాయండి.
- *చివరి రోజు వీడియో పదేపదే చూడటం.* దాన్ని వేరే ఫోల్డర్‌లోకి మార్చి, బాగున్న రోజుల ఫొటో ఒకటి ప్రింటు తీయించండి.
- *ఇంట్లో మిగిలిన జంతువును పట్టించుకోకపోవడం.* అదీ బెంగపడుతుంది. ఒక రోజంతా తినకపోతే డాక్టరుకు చూపించండి, పిల్లి విషయంలో అసలు ఆలస్యం వద్దు. తిండి మానేస్తే పిల్లికి కాలేయం దెబ్బతింటుంది.
- *ఏడుపు ఆపుకోవడం.* బండి మీద హెల్మెట్ లోపల ఏడ్చేవాళ్ళున్నారు. బండి పక్కకు ఆపి ఏడవండి.

9. ఎప్పుడు సాయం అడగాలి

వారాలు గడిచినా నిద్ర, తిండి, పని గాడిన పడకపోతే, మూడో గడి ఖాళీ అని తెలిసీ నింద ఆగకపోతే, ఆలస్యం చేయకండి. టెలిమానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా చేయవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. కుక్క పోయిందంటే ఏమనుకుంటారో అన్న సంకోచం వద్దు. పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడ కూడా “మా కుక్క పోయిందండీ” అనే మొదలుపెట్టవచ్చు.

10. మళ్ళీ ఇంకోటి తెచ్చుకోవాలంటే

ఇన్ని నెలలు ఆగాలన్న లెక్క లేదు. దాని పేరు చెప్పుకుని నవ్వగలుగుతున్నారా, కొత్తది దానిలా లేకపోయినా ఫరవాలేదా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా చూసుకోండి. ఏడుపు ఆపడానికి మాత్రం తేవద్దు. తెచ్చాక పాత పేరు పెట్టొద్దు.

పాతది పార్వోతో పోయి ఉంటే ఇవి తప్పనిసరి:

- ఆ క్రిమి ఇంట్లో, మట్టిలో నెలల తరబడి, నీడపట్టున ఏడాది దాకా బతుకుతుంది. ఫినాయిల్‌తో కడిగితే పోదు.
- ముందు సబ్బుతో కడిగి, ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి ముప్ఫై పాళ్ళ నీళ్ళు కలిపి, నేల మీద పది నిమిషాలు తడిగా ఉంచి కడగండి.
- పరుపు, గుడ్డలు, నమిలిన బొమ్మలు తీసేయండి. గిన్నె స్టీలుదైతే పై ద్రావణంలో నానబెట్టి కడిగితే చాలు.
- మట్టి పెరడు ఉంటే టీకాలు పూర్తికాని పిల్లను ఏడాది లోపు తేవద్దు. తేవాలంటే టీకాలన్నీ అయిన పెద్ద కుక్కను తెచ్చుకోండి.
- కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. అప్పటిదాకా రోడ్డు మీదికి, వేరే కుక్కల దగ్గరికి దింపొద్దు.